నాలుగు సింహాల వెనుక ఉన్న మనిషి: అశోక చక్రవర్తి

పిల్లలూ! ఇవాళ ఇంటికి వెళ్ళాక అమ్మనో నాన్ననో అడిగి ఇండియా పాస్‌పోర్ట్ గానీ, ఓసీఐ పుస్తకం గానీ, సూట్‌కేసు అడుగున మిగిలిపోయిన రూపాయి బిళ్ళ గానీ ఒకసారి బయటికి తీయించండి. మీ నీలం రంగు అమెరికా పాస్‌పోర్ట్ మీద ఒక గద్ద ఉంటుంది. ఒక కాలితో ఆలివ్ కొమ్మ, ఇంకో కాలితో పదమూడు బాణాలు పట్టుకుని ఉంటుంది. ఇండియా పాస్‌పోర్ట్ మీద మాత్రం మూడు సింహాలు కూర్చుని ఉంటాయి. నిజానికి అవి నాలుగు. నాలుగోది వెనక ఉంటుంది కాబట్టి మనకు కనపడదు. (నాలుగో సింహం అనగానే మీ అమ్మానాన్నలకు సాయికుమార్ గారి గొంతు గుర్తొచ్చి నవ్వుకుంటారు. ఎందుకో వాళ్ళనే అడగండి!)

మన తెలుగు బడిలో జాతీయ చిహ్నం పాఠం వచ్చినప్పుడల్లా సింహాలు ఎన్ని, చక్రానికి ఆకులు ఎన్ని అని అడిగి, పిల్లలు జవాబు చెప్పగానే ముందుకు వెళ్ళిపోతుంటాం. ఈసారి ఒక అమ్మాయి చెయ్యెత్తి ఇంకో ప్రశ్న వేసింది. ఆ సింహాలు అశోకుడివి అంటున్నారు, ఆ అశోకుడు ఒక యుద్ధంలో లక్షమందిని చంపాడు అంటున్నారు, మరి అలాంటి మనిషి బొమ్మను ఒక దేశం తన పాస్‌పోర్ట్ మీద ఎందుకు వేసుకుంది అని. చాలా సరైన ప్రశ్న. తర్వాత ఆయన మంచివాడు అయిపోయాడమ్మా అని ఒక్క ముక్కలో సర్దిచెప్పడం నాకు ఇష్టం లేదు. అందుకే ఈ వ్యాసం. పెద్దవాళ్ళు పక్కన కూర్చుని చదివి వినిపిస్తే ఇంకా సంతోషం.

అశోకుడి గురించి మనకు తెలిసినదంతా రెండు దారుల్లో వచ్చింది. ఒకటి బౌద్ధ గ్రంథాలు. శ్రీలంకలో పాళీ భాషలో రాసిన దీపవంశం, మహావంశం, ఉత్తరాదిన సంస్కృతంలో వచ్చిన అశోకావదానం ముఖ్యమైనవి. ఇవన్నీ ఆయన పోయిన కొన్ని వందల ఏళ్ళ తర్వాత రాసినవి. రెండోది ఆయన స్వయంగా కొండల మీదా, స్తంభాల మీదా చెక్కించిన శాసనాలు. నాబోటి సాఫ్ట్‌వేర్ వాడి భాషలో చెప్పాలంటే, మొదటిది ఆఫీసు క్యాంటీన్‌లో నలుగురూ చెప్పుకునే కథ, రెండోది సర్వర్‌లో మిగిలిపోయిన లాగ్. రెండూ ఒకే మాట చెప్తే ఇబ్బంది లేదు. వేర్వేరుగా చెప్పినప్పుడు నేను లాగ్ వైపే మొగ్గుతాను. అయితే ఆ లాగ్ రాయించింది కూడా రాజుగారే అన్న సంగతి మర్చిపోకూడదు!

మౌర్య సామ్రాజ్యాన్ని స్థాపించిన చంద్రగుప్తుడు అశోకుడికి తాత. తండ్రి బిందుసారుడు. రాజధాని పాటలీపుత్రం, అంటే ఇప్పటి పాట్నా. తండ్రికి ఈ కొడుకంటే అంతగా గిట్టేది కాదనీ, చర్మం గరుకుగా ఉండి చూడటానికి బాగుండేవాడు కాదనీ అశోకావదానం చెబుతుంది. తక్షశిలలో తిరుగుబాటు వస్తే, బిందుసారుడు ఈ కొడుకుని సైన్యంతో పంపాడట గానీ ఆయుధాలు ఇవ్వలేదట. తీరా అక్కడికి చేరేసరికి ఊరి జనం ఎదురొచ్చి, మాకు రాజు మీద కోపం లేదు, మమ్మల్ని పీడిస్తున్న మంత్రుల మీదే అని మొరపెట్టుకున్నారట. ఇది ఎంతవరకు నిజమో గానీ, ప్రభుత్వం అంటే జనానికి కనిపించేది రాజు కాదు, ఊళ్ళో ఉన్న అధికారి అనే విషయం ఆ కుర్రవాడి బుర్రలో అప్పుడే పడి ఉంటుందని నాకు అనిపిస్తుంది. ఆయన తర్వాత చేసిన పనులు చూస్తే మీకూ అలాగే అనిపించవచ్చు.

ఆ తర్వాత ఉజ్జయినికి ప్రతినిధిగా వెళ్ళాడు. దారిలో విదిశ అనే ఊళ్ళో ఒక వర్తకుడి కూతురు దేవిని పెళ్ళి చేసుకున్నాడనీ, వాళ్ళ పిల్లలే తర్వాత శ్రీలంకకు బౌద్ధాన్ని తీసుకువెళ్ళిన మహేంద్రుడు, సంఘమిత్ర అనీ మహావంశం కథనం. విదిశ పక్కనే సాంచీ స్తూపం ఉంది.

తండ్రి పోయాక సింహాసనం కోసం గొడవ జరిగింది. అశోకుడు 99 మంది అన్నదమ్ములను చంపి రాజయ్యాడని శ్రీలంక గ్రంథాలు చెప్తాయి. ఇక్కడ లాగ్ వేరే మాట చెబుతోంది. పట్టాభిషేకం అయిన ఎన్నో ఏళ్ళకు వేయించిన ఒక శాసనంలో ఆయన తన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ కుటుంబాల బాగోగులు చూసేందుకు కూడా అధికారులను పెట్టానని చెప్పుకున్నాడు. అందరినీ చంపేసి ఉంటే ఆ మాటకు అర్థం లేదు. బౌద్ధంలోకి వచ్చాక ఎంత మంచివాడయ్యాడో చూపించాలంటే, అంతకు ముందు ఎంత చెడ్డవాడో కాస్త పెంచి చెప్పాలి కదా! కథలు చెప్పేవాళ్ళు ఎక్కడైనా చేసే పనే అది. అయినా వారసత్వం కోసం పోరు జరిగిందనే చాలామంది చరిత్రకారులు అనుకుంటారు. తండ్రి పోయిన నాలుగేళ్ళకు గానీ పట్టాభిషేకం కాలేదని ఆ గ్రంథాలే అంటున్నాయి. అది సుమారు క్రీ.పూ. 268లో.

ఇక కళింగ యుద్ధం. కళింగం అంటే ముఖ్యంగా ఇప్పటి ఒడిశా తీరం. మన శ్రీకాకుళం వైపు ప్రాంతం కూడా చరిత్రలో కళింగంలో భాగమే. పట్టాభిషేకం అయిన ఎనిమిదేళ్ళకు, అంటే దాదాపు క్రీ.పూ. 261లో, అశోకుడు దాని మీదికి దండెత్తి గెలిచాడు. పదమూడో శిలాశాసనంలో ఆ లెక్కలు ఆయనే వేయించాడు. 1,50,000 మందిని వాళ్ళ ఊళ్ళ నుంచి తరలించారు. 1,00,000 మంది యుద్ధంలో చనిపోయారు. అంతకు ఎన్నో రెట్లు ఆ తర్వాత చనిపోయారు. ఈ మూడో మాటను కొంచెం ఆగి చదవండి. యుద్ధం అయిపోయాక ఆకలితో, రోగాలతో, దిక్కులేక పోయినవాళ్ళను కూడా ఆయన లెక్కలో వేశాడు. అంతేకాదు, తమకు ఏమీ కాకపోయినా బంధువులకో స్నేహితులకో జరిగినదానికి బాధపడేవాళ్ళ గురించి కూడా అందులో రాయించాడు. గెలిచిన రాజు తన గెలుపు గురించి రాయి మీద ఇలా రాయించుకోవడం మామూలు విషయం కాదు. గెలిచిన రాజులు శత్రువుల తలలు లెక్కపెట్టించుకునేది గొప్ప కోసం. ఈయన లెక్క అందుకోసం కాదు.

సినిమాల్లో అయితే యుద్ధభూమిలో శవాల మధ్య నిలబడి కత్తి పారేస్తాడు, మరుసటి రోజుకల్లా మారిపోతాడు. 2001లో వచ్చిన షారుఖ్ ఖాన్ సినిమా మన పిల్లల్లో కొందరు చూసే ఉంటారు. శాసనాలు చెప్పేది అలా లేదు. తాను బౌద్ధ ఉపాసకుడినై రెండున్నర ఏళ్ళు దాటిందనీ, మొదటి ఏడాది అంత శ్రద్ధ పెట్టలేదనీ, సంఘానికి దగ్గరయ్యాక గత ఏడాది పైగా మాత్రం గట్టిగా కృషి చేస్తున్నాననీ ఒక చిన్న శాసనంలో ఆయనే ఒప్పుకున్నాడు. చక్రవర్తి అయి ఉండి, మొదటి సంవత్సరం సరిగ్గా చదవలేదని రాయి మీద చెక్కించాడు! నాకు సినిమా అశోకుడి కంటే ఈ అశోకుడే నచ్చుతాడు.

అలాగని ఆయన చేయని పనులు కూడా చెప్పాలి. కళింగాన్ని తిరిగి ఇచ్చేయలేదు. సైన్యాన్ని రద్దు చేయలేదు. మరణశిక్షను తీసేయలేదు. శిక్ష పడినవాళ్ళకు మూడు రోజుల గడువు మాత్రం ఇచ్చాడు. ఆ మూడు రోజుల్లో బంధువులు వచ్చి అధికారులను బతిమాలుకోవచ్చు, లేదా ఆ మనిషి దానం, ఉపవాసం చేసుకుని సిద్ధపడవచ్చు. పశ్చాత్తాపం ప్రకటించిన ఆ పదమూడో శాసనంలోనే, అడవుల్లో ఉండే తెగలకు ఒక హెచ్చరిక కూడా ఉంది. రాజు బాధపడుతున్నాడు గానీ శిక్షించే శక్తి మాత్రం పోలేదు, జాగ్రత్తగా ఉండండి అని దాని సారాంశం. ఇంకో విచిత్రం. కళింగంలో రెండుచోట్ల, భువనేశ్వర్ దగ్గర ధౌళిలోనూ గంజాం జిల్లా జౌగడలోనూ, ఈ శిలాశాసనాల వరుస ఉంది. కానీ యుద్ధం లెక్కలు ఉన్న పదమూడోది మాత్రం అక్కడ లేదు! ఎవరి ఇంట్లో చావు జరిగిందో వాళ్ళ ముందు ఆ లెక్క చదివించలేకపోయాడా? లేక గాయాన్ని మళ్ళీ రేపకూడదు అనుకున్నాడా? లేక అది రాజకీయమా? చరిత్రకారులు తలోమాట అంటారు. నాకైతే మూడూ కొంచెం కొంచెం ఉండి ఉంటాయనిపిస్తుంది.

దాని బదులు అక్కడ వేరే శాసనాలు వేయించాడు. అవి కళింగంలోని తన అధికారులకు రాసినవి. ప్రజలందరూ తన పిల్లల్లాంటి వాళ్ళనీ, ఎవరినీ ఊరికే జైల్లో పెట్టకూడదనీ, హింసించకూడదనీ, కోపం, అసూయ, తొందరపాటు, సోమరితనం ఉన్న అధికారి న్యాయం చేయలేడనీ వాటిలో చెప్పాడు. ఆ శాసనాన్ని పుష్యమి నక్షత్రం ఉన్న రోజుల్లో అందరికీ చదివి వినిపించాలి. మధ్యలో కూడా అవకాశం దొరికితే, వినేవాడు ఒక్కడే ఉన్నా చదవాలి. ఒక్కడు ఉన్నా సరే అన్న ఆ మాట, శనివారం పొద్దున మంచు కురిస్తే ఇద్దరే పిల్లలు వచ్చే మన బడి టీచర్లకు బాగా అర్థమవుతుంది.

ఆయన పాలన గురించి శాసనాల్లో ఎన్నో వివరాలున్నాయి. పిల్లలకు నచ్చేది వంటింటి సంగతి. ఒకప్పుడు రాజుగారి వంటశాలలో కూరల కోసం రోజూ లక్షలాది జంతువులను చంపేవారు. ఈ శాసనం రాయించేనాటికి రోజుకు మూడే చంపుతున్నారు. రెండు నెమళ్ళు, ఒక జింక. ఆ జింక కూడా ప్రతిరోజూ కాదు. ముందు ముందు ఈ మూడూ ఉండవు. చూశారా! మేము ఇవాళ్టి నుంచి పూర్తి శాకాహారులం అని డాంబికంగా ప్రకటించలేదు. ఇంకా మూడు మిగిలాయని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. వేట యాత్రలు మానేసి, వాటి బదులు పెద్దవాళ్ళనూ సన్యాసులనూ పల్లె జనాన్నీ కలిసే యాత్రలు పెట్టుకున్నాడు. మనుషులకూ, పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాడు. మందు మొక్కలు లేని చోట తెప్పించి నాటించాడు. దారుల వెంట మర్రిచెట్లు, మామిడి తోపులు, బావులు, విశ్రాంతి గృహాలు. అయితే ఇవన్నీ పాత రాజులు కూడా చేసినవేననీ, తాను చేసింది జనం ధర్మంగా నడవాలనేననీ కూడా అన్నాడు.

ఇంకొక శాసనం చదివినప్పుడు మాత్రం నాకు నవ్వొచ్చింది. భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, తోటలో ఉన్నా, ఏ వేళలోనైనా ప్రజల పని మీద వార్త వస్తే తనకు వెంటనే చెప్పాలని ఆజ్ఞ వేశాడు. రాత్రి రెండింటికి ఫోను మోగితే లేచి సర్వర్ చూసుకునే మా వృత్తివాళ్ళం దీన్ని ఆన్-కాల్ అంటాం. మేమైతే వారానికొకరం వంతులు వేసుకుంటాం. ఆయన ఏళ్ళ తరబడి ఒక్కడే చేశాడు!

మతాల సంగతికి వస్తే, ఆయన బౌద్ధుడు. బుద్ధుడు పుట్టిన లుంబినికి స్వయంగా వెళ్ళి, ఆ ఊరి పన్ను తగ్గించి, అక్కడ స్తంభం నిలబెట్టాడు. కానీ గయ దగ్గర బరాబర్ కొండల్లో గుహలు తొలిపించి ఆజీవకులనే వేరే సన్యాసులకు ఇచ్చాడు. అన్ని మతాలవాళ్ళూ ఒకరి మాట ఒకరు వినాలని, తన మతం మీద అభిమానంతో పక్కవాళ్ళ మతాన్ని కించపరిచేవాడు తన మతానికే ఎక్కువ నష్టం చేస్తాడని పన్నెండో శాసనం చెబుతుంది. నాలుక అదుపులో పెట్టుకోమని దాని అర్థం. ఇవాళ వాట్సాప్‌లో ఫార్వర్డ్‌లు పంపే మన పెద్దవాళ్ళు దీన్ని ఒకసారి చదివితే బాగుండు.

ఇప్పుడు సింహాల దగ్గరికి వద్దాం. వారణాసికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలో సారనాథ్ ఉంది. జ్ఞానోదయం అయ్యాక బుద్ధుడు తన మొదటి బోధ చేసింది అక్కడే, ఐదుగురు శిష్యులకు. దాన్నే ధర్మచక్ర ప్రవర్తనం అంటారు. అంటే ధర్మమనే చక్రాన్ని కదిలించడం. అక్కడ అశోకుడు ఒక స్తంభం నిలబెట్టి, దాని తలమీద ఈ సింహాలను పెట్టించాడు. చునార్ గనుల ఇసుకరాయి. మొత్తం శీర్షం ఎత్తు ఏడు అడుగులు. అడుగున తలకిందులైన తామర పువ్వు, దాని మీద గుండ్రటి పీట, పీట మీద వీపులు ఆనించుకున్న నాలుగు సింహాలు. ఇదంతా ఒకే రాతిలో చెక్కి, అద్దంలా నున్నగా మెరుగుపెట్టారు. రెండు వేల రెండొందల ఏళ్ళు దాటినా ఆ మెరుపు ఇంకా పోలేదు.

పీట చుట్టూ నాలుగు జంతువులు నడుస్తుంటాయి. ఏనుగు, ఎద్దు, గుర్రం, సింహం. వాటి మధ్య నాలుగు చక్రాలు. ఒక్కో చక్రానికి 24 ఆకులు. వీటికి అర్థం ఇదీ అని అశోకుడు ఎక్కడా రాయించలేదు. పండితులు చెప్పుకున్నదాని ప్రకారం ఏనుగు మాయాదేవికి వచ్చిన కల, ఎద్దు బుద్ధుడి జననం, గుర్రం ఆయన ఇల్లు విడిచి వెళ్ళిన రాత్రి, సింహం శాక్యసింహుడైన బుద్ధుడు. కాదు, నాలుగూ నాలుగు దిక్కులు అనేవాళ్ళూ ఉన్నారు. పైన ఉన్న నాలుగు సింహాలూ నోరు తెరిచి నాలుగు దిక్కులకూ గర్జిస్తున్నాయి. బుద్ధుడి బోధను సింహగర్జన అని చెప్పడం బౌద్ధంలో అలవాటు. కాబట్టి అవి వేటకు సిద్ధంగా ఉన్న సింహాలు కావు. కూర్చుని ఒక మాట వినిపిస్తున్న సింహాలు. 2022లో ఢిల్లీలో కొత్త పార్లమెంటు భవనం మీద 6.5 మీటర్ల కంచు సింహాలను పెట్టినప్పుడు, వాటి ముఖాలు మరీ కోపంగా ఉన్నాయని కొందరు, అదేం లేదని కొందరు వాదించుకున్నది ఇందుకే.

ఒకప్పుడు ఆ సింహాల వీపుల మీద ఇంకో పెద్ద చక్రం ఉండేది. దానికి 32 ఆకులు ఉండేవని దొరికిన ముక్కలను బట్టి లెక్కగట్టారు. అంటే అసలు శిల్పంలో అన్నిటికంటే పైన ఉన్నది సింహాలు కాదు. మృగరాజుల నెత్తి మీద ధర్మచక్రం! అది విరిగిపోయింది కాబట్టి మన చిహ్నంలో సింహాలే పైన మిగిలాయి. ఈ సంగతి తెలిశాక ఆ బొమ్మను చూసినప్పుడల్లా నా కళ్ళు ఆ ఖాళీ జాగా వైపే పోతాయి.

ఆ స్తంభం మీద రాసిన శాసనం కూడా అంత మెత్తనిదేం కాదు. భిక్షువులలో గానీ భిక్షుణులలో గానీ ఎవరైనా సంఘాన్ని చీలిస్తే, వాళ్ళకు కాషాయం తీయించి తెల్లబట్టలు కట్టించి బయటికి పంపాలని ఆజ్ఞ. మన తెలుగు సంఘాలు చీలినప్పుడల్లా ఈ శాసనం గుర్తొస్తుంది నాకు. ఎవరికి తెల్లబట్టలు కట్టించాలో తేల్చడమే కష్టం!

అశోకుడి చివరి రోజులు బాధగానే గడిచాయని అశోకావదానం చెబుతుంది. సంఘానికి దానాలు చేసి ఖజానా ఖాళీ చేస్తున్నాడని మంత్రులు ఆయన చేతులు కట్టేశారట. చివరికి తనదని చెప్పుకోవడానికి మిగిలింది సగం ఉసిరికాయ. దాన్ని కూడా ఆరామానికి పంపించాడట. సుమారు క్రీ.పూ. 232లో ఆయన పోయాడు. మరో యాభై ఏళ్ళు గడిచేలోపే మౌర్య సామ్రాజ్యం కూలిపోయింది.

ఆ తర్వాత జరిగినది నాకు అన్నిటికంటే ఆశ్చర్యం. రాళ్ళు అలాగే ఉన్నాయి గానీ చదివేవాళ్ళు లేకుండా పోయారు! బౌద్ధ దేశాల్లో అశోకుడి పేరు నిలిచింది గానీ, ఈ రాళ్ళ మీది మాటలు ఆయనవని ఎవరికీ తెలియదు. శాసనాల్లో ఆయన తనను తాను చాలాచోట్ల దేవానాంప్రియ ప్రియదర్శి అని మాత్రమే చెప్పుకున్నాడు. అంటే దేవతలకు ఇష్టుడు, అందరినీ ప్రేమగా చూసేవాడు అని. (తర్వాతి సంస్కృత వ్యాకరణ గ్రంథాల్లో దేవానాంప్రియ అనే మాటకు మూర్ఖుడు అనే అర్థం వచ్చి పడింది!) పద్నాలుగో శతాబ్దంలో ఢిల్లీ సుల్తాను ఫిరోజ్ షా తుగ్లక్ ఒక స్తంభాన్ని తోప్రా అనే ఊరి నుంచి దూది పరుపుల మీదికి మెల్లగా వాల్చి, 42 చక్రాల బండి మీదా, పడవల మీదా ఢిల్లీకి తెప్పించాడు. పండితులను పిలిచి చదవమంటే ఒక్కరూ చదవలేకపోయారు.

చదివినవాడు జేమ్స్ ప్రిన్సెప్. కలకత్తా టంకశాలలో లోహాలు పరీక్షించే ఉద్యోగి. సాంచీ స్తూపం కంచె మీద చిన్న చిన్న రాతలన్నీ ఒకే రెండు అక్షరాలతో ముగుస్తున్నాయని గమనించి, అవి దానం అనే మాట అయి ఉంటుందని ఊహించాడు. 1837లో బ్రాహ్మీ లిపి తాళం అలా తెరుచుకుంది. ఈ ప్రియదర్శి ఎవరో శ్రీలంకలో పనిచేస్తున్న జార్జ్ టర్నర్ అక్కడి దీపవంశం చూసి చెప్పాడు. ప్రిన్సెప్ పని భారంతో జబ్బుపడి 1840లో 40 ఏళ్ళకే పోయాడు. ఆ తర్వాత 1915లో, అప్పటి నైజాం రాజ్యంలో ఉన్న మస్కి దగ్గర, బంగారు గనుల కోసం తిరుగుతున్న బీడన్ అనే ఇంజనీరుకు ఒక శాసనం దొరికింది. అందులో అశోక అనే పేరే సూటిగా ఉంది! మస్కి ఇప్పుడు కర్ణాటకలో రాయచూరు జిల్లాలో ఉంది.

సారనాథ్ సింహాలు బయటపడింది 1905లో. తవ్వించినాయన ఫ్రెడరిక్ ఆస్కార్ ఓర్టెల్. ఆయనా ఇంజనీరే, పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేసేవాడు. మన బళ్ళో సగంమంది నాన్నలు, చాలామంది అమ్మలు ఇంజనీర్లే కాబట్టి ఈ మాట కాస్త గర్వంగానే చెబుతున్నాను. స్తంభం మొదలు ఇప్పటికీ విరిగిన ముక్కగా అక్కడే ఉంది. సింహాలు పక్కనే మ్యూజియంలో ఉన్నాయి.

1947 జూలై 22న రాజ్యాంగ సభ మన జెండాను ఆమోదించినప్పుడు, రాట్నం స్థానంలో ఆ పీట మీది 24 ఆకుల చక్రం వచ్చింది. 1950 జనవరి 26న సింహాలు భారత ప్రభుత్వ చిహ్నం అయ్యాయి. చిహ్నంలో మనకు కనిపించేది మూడు సింహాలు, పీట మధ్యలో ఒక చక్రం, దానికి ఒక పక్క ఎద్దు, మరో పక్క గుర్రం, అంచుల్లో రెండు చక్రాల నీడలు. అడుగున తామర పువ్వు తీసేశారు. దాని కింద ముండకోపనిషత్తులోని మాట వచ్చింది. సత్యమే గెలుస్తుందని దాని అర్థం. బౌద్ధ శిల్పం కింద ఉపనిషత్తు మాట అన్నమాట! రాజ్యాంగం అసలు ప్రతికి బొమ్మలు వేసిన నందలాల్ బోస్, సింహాలు గీసే పని శాంతినికేతన్‌లో తన విద్యార్థి దీనానాథ్ భార్గవకు అప్పగించారు. ఆ కుర్రవాడు కలకత్తా జూకి వెళ్ళి అసలు సింహాలు ఎలా కూర్చుంటాయో, ముఖం ఎలా పెడతాయో చూసి మరీ గీశాడని ఆయన కుటుంబంవాళ్ళు చెప్పారు. 2014లో వచ్చిన తెలంగాణ చిహ్నంలో కాకతీయ తోరణం పైనా, 2018లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ చిహ్నంలో అమరావతి శిల్పకళ కిందా ఈ సింహాలే ఉన్నాయి.

చివరగా మన ఊళ్ళ సంగతి. యుద్ధం లెక్కలు ఉన్న ఆ పదమూడో శాసనంలోనే, తన రాజ్యంలోని జనాల పేర్లు చెబుతూ ఆంధ్రుల పేరు కూడా చెప్పాడు అశోకుడు. కర్నూలు జిల్లాలో గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో ఎర్రగుడి దగ్గర, పెద్ద బండరాళ్ళ మీద ఆయన పద్నాలుగు శిలాశాసనాలూ ఉన్నాయి. కళింగ యుద్ధం లెక్కలు కళింగంలో లేవు గానీ మన ఎర్రగుడిలో ఉన్నాయి! 1920ల చివర్లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడేదాకా అవి ఏమిటో బయటి ప్రపంచానికి తెలియదు. దగ్గరలోనే రాజుల మందగిరిలో ఇంకొకటి ఉంది. భాష తెలుగు కాదు, ప్రాకృతం. కానీ లిపి మన తెలుగు లిపికి ముత్తాత. బ్రాహ్మీలో క అంటే కూడిక గుర్తు, గ అంటే గుడిసె పైకప్పు, ఠ అంటే సున్నా. ఇవాళ్టి మన గ లో ఆ పైకప్పు, ఠ లో ఆ గుండ్రం ఇంకా పోలేదు.

ఈ వేసవిలో ఇండియా వెళ్ళేవాళ్ళు తిరుపతికీ హైదరాబాదుకీ మధ్య ఒక పూట కేటాయించుకుంటే ఎర్రగుడి చూసి రావచ్చు. అక్కడి చిన్న శాసనంలో అధికారులు డప్పు వేయించి పల్లెల్లో జనానికి ఏం చెప్పాలో ఉంది. అమ్మానాన్నల మాట వినాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, నిజం చెప్పాలి. ఏనుగుల మావటీలు, రాయసగాళ్ళు, ఉపాధ్యాయులు తమ శిష్యులకు ఇదే నేర్పాలి, శిష్యులు గురువును గౌరవించాలి. చదవడానికి ప్రయత్నించే పిల్లలకు ఒక చిన్న సాయం: ఆ శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు, పొలం దున్నే ఎద్దు చాలు చివర వెనక్కి తిరిగినట్టు రాసి ఉంటాయి. ముందు కూడిక గుర్తు ఎక్కడుందో వెతకండి. అది క.